కొస్త్రోవ్ తర్వాత ఎవరు

శాసనసభలో మాట్లాడుతూ మాట్లాడుతూ గవర్నరు లెవ్ గెరాసిమొవిచ్ కొస్త్రోవ్ మాట మరిచిపోయి, మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నుంచీ ఒషెగోర్స్క్‌లో ఏ ఇద్దరు కలిసినా ఒకటే మాట: ఈయన తర్వాత ఎవరు? చట్టం ప్రకారమైతే జవాబు తేలికే. గవర్నరు తప్పుకుంటే ఎన్నికలయ్యేదాకా మొదటి ఉపగవర్నరే ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆ మొదటి ఉపగవర్నరు రిమ్మా సవేల్యెవ్నా, ఒకప్పుడు ఏటి అవతలి జారెచ్యే బళ్ళో భూగోళం పాఠాలు చెప్పిన మనిషి. కానీ ఒషెగోర్స్క్‌లో చట్టం కంటే పెద్దది ఒకటుంది, రాగి కర్మాగారం. జారెచ్యే ఇళ్ళని వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టాలు మూసేసి, ఆ పేటని ఖాళీ చేయిద్దామని కర్మాగారం వాళ్ళు పెట్టిన ప్రతిపాదనని పోయిన వారం రిమ్మా తిప్పికొట్టింది. మర్నాడే గవర్నరు నుంచి కబురొచ్చింది. ఆదివారం మస్లెనిత్సా పండగ ఆఖరి రోజు కదా, ఊరి బయట మా దాచా ఇంటికి అట్లు తినడానికి రా అని.

వాకిట్లో మంచు మీద నల్లటి జీపు ఆగి ఉంది. దాన్ని చూడగానే రిమ్మాకి సగం ఆకలి చచ్చిపోయింది. అది కర్మాగారం జీపు.

"ఎందుకొచ్చినట్టో!" అన్నాడు డ్రైవరు స్తెపానిచ్, పాత వోల్గా కారుని దానికి దూరంగా ఆపుతూ.

"అట్లు తినడానికేగా మనమూ వచ్చింది. ఇంజను ఆపకు, మళ్ళీ స్టార్టవదు" అంది రిమ్మా. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగింది. చలి ముక్కులోకి సూదిలా దిగింది.

గవర్నరు భార్య జినాయిదా తలుపు తీసింది. చేతుల నిండా పిండి.

"రా తల్లీ, రా. తలుపు మూసెయ్, వేడంతా పోతోంది. ఎన్నాళ్ళయింది నిన్ను చూసి! చిక్కిపోయావేంటి?"

"చిక్కలేదండీ, ముసలిదాన్నయ్యా. ఎవరొచ్చారు?"

"ఇంకెవరు, మీ గ్లెబ్ అంద్రెయెవిచ్. వచ్చీ రాగానే మా ఆయన ల్యోవా ఆవిరిగదిలోకి పంపేశాడు. పండగపూట స్నానం చెయ్యకపోతే ఎలా, కట్టెలు నేనే పెట్టించానంటూ. వెళ్ళి గంట దాటింది. ఉడికాడో లేదో ఓసారి చూసి రావాలి."

గ్లెబ్ అంద్రెయెవిచ్ బెస్సోనోవ్ కర్మాగారంలో డబ్బు వ్యవహారాలన్నీ చూసే డైరెక్టరు. నలభై నిండలేదు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఈ ఏడాదిలో గవర్నరు ఆఫీసులో ఏ ఫైలు కదలాలన్నా ముందు ఆయన చెవిన పడాల్సిందే.

ముందు గదిలో బల్ల దగ్గర కొస్త్రోవ్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు గుమ్మం పట్టని మనిషి. ఇప్పుడు భుజాల మీద ఉన్ని కోటు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. ఎడమచెయ్యి పళ్ళెం పక్కన కదలకుండా పడి ఉంది. గోడకి ఫోను, దాని కింద ఆయన కుర్చీ.

"కూచో. ముందు తిను. మాటలెక్కడికీ పోవు" అన్నాడు.

వేడివేడి అట్లు దొంతరగా ఉన్నాయి. పక్కన పుల్లటి మీగడ, ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగులు. రిమ్మా ఒక అట్టు మడిచి నోట్లో పెట్టుకుంది. రుచి తెలీలేదు.

"చెప్పండి, లెవ్ గెరాసిమొవిచ్. తింటూ వింటాను."

కొస్త్రోవ్ కిటికీ వైపు చూశాడు. పెరటి చివర ఆవిరిగది పొగగొట్టం నుంచి పొగ నిటారుగా లేస్తోంది.

"రేపు పొద్దున నువ్వు పదవిలోంచి తప్పుకుంటున్నానని చెప్పెయ్. ఆరోగ్యం బాలేదను. మంగళవారం ఆ కుర్రాణ్ణి నీ కుర్చీలో కూర్చోబెడతాను. వారం తిరిగాక నేనూ దిగిపోతా. నీకు మాస్కోలో పార్లమెంటు పైసభ సభ్యత్వం. ఇల్లిస్తారు, కారిస్తారు, మంచి డాక్టర్లుంటారు. నీ మోకాళ్ళు కూడా బాగుపడతాయి."

రిమ్మా నమలడం ఆపలేదు. ఈ మాట వస్తుందని ఆమెకి తెలుసు. కారులో వస్తున్నంతసేపూ దానికోసమే సిద్ధపడింది. కానీ ఆయన నోటివెంట వినేసరికి, పదిహేనేళ్ళు పక్కన పనిచేసిన మనిషి కాక ఎవరో బల్ల అవతల కూర్చున్నట్టనిపించింది.

"ఇది మీ మాటా, వాళ్ళ మాటా?"

"ఎవరిదైతే ఏం?"

"తేడా ఉంది. మీదైతే జవాబు చెప్తాను. వాళ్ళదైతే వాళ్ళనే అడగమంటాను."

కొస్త్రోవ్ నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే వంగింది.

"నన్ను వాళ్ళేదో మెడ మీద కత్తిపెట్టి అడిగించారనుకుంటున్నావా? లేదమ్మా. వాళ్ళని పిలిచింది నేనే. టీచర్లకి జీతాల్లేని ఆ చలికాలం మర్చిపోయావా? జీతం బదులు అల్యూమినియం గిన్నెలు పంచాం. గిన్నెలు! వాటిలో వండుకోవడానికి ఏమీ ఇవ్వలేకపోయాం. నీ కింద పనిచేసే పిల్ల ఒకతె ఆ గిన్నె తెచ్చి నా బల్ల మీద బోర్లించి పోయింది."

"గుర్తుంది."

"ఆ మర్నాడు వెళ్ళి కర్మాగారం గుమ్మంలో కూచున్నా. గవర్నర్ని! లోపలికి రమ్మనేదాకా కాపు కాశాను. వాళ్ళు జీతాలిచ్చారు, కాదనను. దానికి బదులు ఊరి బాయిలర్లు తీసుకున్నారు. తర్వాత బస్సులు. తర్వాత ఆస్పత్రి. ఇప్పుడు నేను మింగే రక్తపోటు మాత్ర కూడా వాళ్ళదే. ఇదే ఊళ్ళో నేను పార్టీ కార్యదర్శిగా ఉన్నప్పుడు అదే కర్మాగారం డైరెక్టరు టోపీ చేత్తో పట్టుకుని నా గది బయట నిలబడేవాడు. ఇంక మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. ఇది మాత్రం ఎన్నాళ్ళు కాపాడతాం? ఇవాళ కాకపోతే ఎన్నికల్లో కొనుక్కుంటారు. అంత గొడవెందుకు?"

"మరి జారెచ్యే సంగతి?"

"ఖాళీ చేయిస్తారు. నెమ్మదిగానే."

"ఎక్కడికి పంపిస్తారు?"

కొస్త్రోవ్ మీగడ గిన్నెని ఆమె వైపు జరిపాడు.

"ఎక్కడికండీ? మీరూ అడగలేదు కదూ. నేనడిగాను. ఆ గ్లెబ్ అంద్రెయెవిచ్ నా ముందు కూర్చుని, ఎవరి చుట్టాల దగ్గరికి వాళ్ళు వెళ్తారన్నాడు. ఎంతమందికుంటారండీ అంతమందిని ఉంచుకునే చుట్టాలు? పాతగనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్న వాళ్ళు, వాళ్ళ ముసలి పెళ్ళాలు... నా దగ్గర చదువుకున్న పిల్లలే ఇప్పుడు అక్కడ పిల్లల్ని పెంచుకుంటున్నారు."

"నేను అలిసిపోయాను, రిమ్మా."

"నేను మాత్రం?" ఆమె గొంతు పెరగలేదు. పెంచే ఓపికా లేదు. "కలూగాలో మా చెల్లి ఇల్లుంది. వెనక ఆపిల్ చెట్లున్నాయి. ప్రతి వసంతానికీ వస్తానంటాను, ప్రతి వసంతానికీ ఇక్కడ ఏదో ఒక గొట్టం పగులుతుంది. ఆ కుర్చీ నాకు అక్కర్లేదు, లెవ్ గెరాసిమొవిచ్. మాస్కో కూడా అక్కర్లేదు. కానీ దాన్ని ఎత్తుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టే పని మాత్రం నాతో చేయించకండి. నన్ను తీసెయ్యాలంటే మీరే తీసెయ్యండి. ఆ అధికారం మీకుంది."

"తీసేస్తే కర్మాగారమే తీయించిందంటారు. నువ్వే తప్పుకుంటే పాపం ఆరోగ్యం బాలేదంటారు."

"అదీ సంగతి. అందుకే నేను తప్పుకోను."

వంటింట్లో పెనం మీద పిండి చుయ్యిమంది, టీవీలో పండగ పాట ఏదో వస్తోంది. కొస్త్రోవ్ తల పైకెత్తి గోడకున్న ఫోను వంక చూశాడు. లేస్తాడేమో అనుకుంది రిమ్మా. లేవలేదు.

"ఇవాళ క్షమాపణల ఆదివారం కదా" అన్నాడు చివరికి. "నన్ను క్షమించు, రిమ్మా."

ఆ రోజు ఎవరు ఆ మాట అన్నా బదులు చెప్పే తీరు ఒకటుంది. దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను అనాలి. ఇరుగుపొరుగుతో, బజార్లో అట్లమ్మే ఆడవాళ్ళతో పొద్దుటినుంచీ ఎన్నిసార్లు అందో ఆమె.

"దేవుడు క్షమిస్తాడు లెండి" అని సగంలో ఆపేసింది.

కొస్త్రోవ్ తల ఊపాడు, అది చాలన్నట్టు.

అప్పుడే వంటింట్లోంచి జినాయిదా కేక వినిపించింది. "ల్యోవా! ఇదేంటి, టీవీలో నువ్వొస్తున్నావు! అదేం చొక్కా, ఇస్త్రీ చేసింది ఇచ్చానుగా!"

రిమ్మా లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది. అల్మరా మీది చిన్న టీవీలో కొస్త్రోవ్ జెండా పక్కన కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి కనపడకుండా బల్ల కింద పెట్టుకున్నాడు. కాయితం చూడకుండా, తడుముకుంటూ చెబుతున్నాడు. ఆరోగ్యం సహకరించడం లేదనీ, ఈ నిమిషం నుంచి గవర్నరు పదవికి రాజీనామా చేస్తున్నాననీ, శాసనసభ అధ్యక్షుడికి తెలియజేస్తున్నాననీ. "చట్టం ప్రకారం బాధ్యతలన్నీ రిమ్మా సవేల్యెవ్నా ద్యాగిలేవా చేపడతారు. చేసినవాటికీ చెయ్యలేకపోయినవాటికీ మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను."

తర్వాత మళ్ళీ పండగ పాట మొదలైంది.

జినాయిదా చేతిలో గరిటె అలాగే ఉంది. పెనం మీద అట్టు మాడుతోంది. రిమ్మా వెనక్కి తిరిగింది. కొస్త్రోవ్ కుర్చీలోంచి కదల్లేదు.

"నన్ను ఒక్క మాట అడగకుండా!" అంది.

"ఇందాకటినుంచీ అడుగుతూనే ఉన్నా కదా. నువ్వు సరేనంటే లేచి ఆ ఫోను చేసేవాణ్ణి. అది నిన్న రికార్డు చేసి ఇచ్చింది. టీవీ ఒక్కటే వాళ్ళు కొనలేదు. ఆపమంటే ఆపేవాళ్ళు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నిజం చెప్పనా? నువ్వు సరేనంటే బాగుండునని సగం ప్రాణం కోరుకుంది. హాయిగా ఉండేది. ఇంకెవ్వరికీ ఏ జవాబూ చెప్పక్కర్లేకుండా."

"నా నెత్తిన రాయి పెట్టి మీరు దించుకున్నారు."

"అవును" అన్నాడు కొస్త్రోవ్. దాచలేదు.

కోపం రావాల్సింది. రిమ్మాకి నడుం మీదికి ఎవరో తడి గోనెసంచి ఎత్తినట్టు మాత్రమే అనిపించింది. కుర్చీలో కూలబడింది.

పెరటి తలుపు తెరుచుకుంది. బెస్సోనోవ్ లోపలికొచ్చాడు. ఒళ్ళంతా ఎర్రగా కందింది, జుట్టులోంచి ఆవిరి లేస్తోంది, మెళ్ళో తువ్వాలు.

"ఏం ఆవిరిగదండీ, లెవ్ గెరాసిమొవిచ్! మా దగ్గర ఇంత..." అంటూ ముగ్గురి మొహాలూ చూశాడు. ఆగాడు. "ఏమైంది?"

"నువ్వు ఉడుకుతుండగా మా ఆయన టీవీలో రాజీనామా చేశాడు నాయనా" అంది జినాయిదా. "కూచో, అట్టు వేస్తా."

బెస్సోనోవ్ నిజంగానే కూచున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అట్టు వచ్చింది. మీగడ రాసుకుని నెమ్మదిగా తిన్నాడు. తిన్నంతసేపూ ఆయన కళ్ళు బల్ల మీదే ఉన్నాయి, మనసులో ఏవో పావులు జరుపుతున్నట్టు. తర్వాత రిమ్మా వైపు తిరిగాడు.

"అభినందనలు, రిమ్మా సవేల్యెవ్నా. మనస్ఫూర్తిగానే చెప్తున్నా."

"వినిపించింది. తర్వాతి మాట చెప్పండి."

"ఏముంది, రోజువారీ విషయమే. మూడో బాయిలరు మరమ్మతు చాన్నాళ్ళుగా వాయిదా పడుతోంది. జారెచ్యేకి వేడినీళ్ళు వెళ్ళేది దాన్నుంచే. ఈ సాయంత్రం ఆపాల్సి వస్తుందేమో అనుకుంటున్నాం. భద్రత ముఖ్యం కదండీ."

"బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉంది."

"అందుకే మరి, ఆపక్కర్లేదేమో కూడా." బెస్సోనోవ్ టీ పోసుకున్నాడు. "మీకిప్పుడు మొదటి ఉపగవర్నరు లేరు. ఎవర్నో ఒకర్ని వేసుకోవాలి. సాయంత్రంలోగా ఆ పేరు తేలితే, ఏ మరమ్మతులు ఎప్పుడు చేయాలో ఇద్దరం కూర్చుని తాపీగా మాట్లాడుకోవచ్చు."

"ఇంట్లో కూచుని అట్టు తింటూ అనాల్సిన మాటేనా అది?" అంది జినాయిదా. కొస్త్రోవ్ కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు.

రిమ్మా వేళ్ళకంటిన మీగడ తుడుచుకుంది. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"బట్టలేసుకోండి, గ్లెబ్ అంద్రెయెవిచ్. తల బాగా తుడుచుకోండి, తడితో బయటికొస్తే చచ్చిపోతారు."

"ఎక్కడికి?"

"జారెచ్యేకి. ఇవాళ గడ్డిబొమ్మని తగలబెట్టే రోజు. పేటంతా ఏటి మీద మంచులో ఉంటారు, ముసలీ ముతకా. మరమ్మతు వాళ్ళ భద్రత కోసమేగా? ఆ మాట వాళ్ళకి మీరే చెప్పాలి. మైకు నేనిప్పిస్తా."

"నేను రాకపోతే?"

"నేనొక్కదాన్నే చెప్తా. మీరిప్పుడు నాతో అన్న మాటలు ఒక్కటీ మార్చకుండా చెప్తా. పక్కన మీరుంటే కాస్త మెత్తగా చెప్పుకోవచ్చు. అది మీ ఇష్టం."

బెస్సోనోవ్ ఆమెని కాసేపు చూశాడు. దార్లో బేరం కుదరకపోదనుకున్నాడో, ఇక్కడ కూర్చుని చేసేదేమీ లేదనుకున్నాడో, లేచి బట్టల కోసం వెళ్ళాడు.

జినాయిదా మిగిలిన అట్లన్నీ గిన్నెలో సర్ది, గుడ్డలో మూటగట్టి రిమ్మా చేతిలో పెట్టింది. "రాత్రికి ఎక్కడుంటావో ఏమో, దగ్గరుంచుకో" అంది. గుమ్మం దగ్గర రిమ్మా ఉన్ని బూట్లు వేసుకుంటుంటే లోపల్నుంచి కొస్త్రోవ్ గొంతు వినపడింది.

"రిమ్మా సవేల్యెవ్నా! జాగ్రత్తగా వెళ్ళండి."

పదిహేనేళ్ళలో ఆయన ఆమెని మీరని అనడం అదే మొదలు.

వోల్గా కారులో వెనక సీట్లో ఇద్దరూ ఎడంగా కూర్చున్నారు. కర్మాగారం జీపు ఖాళీగా వెనక వస్తోంది. మంచుపట్టిన అద్దాన్ని గోటితో గీకుతూ బెస్సోనోవే మొదలుపెట్టాడు.

"మీరు నన్ను రాక్షసుణ్ణి అనుకుంటున్నారు."

"అనుకునే ఓపిక లేదండీ నాకు."

"ఉఫాలో నాకు భార్యా, కూతురూ ఉన్నారు. మూడేళ్ళని చెప్పి పంపించారు నన్ను. ఆరో ఏడు నడుస్తోంది. గవర్నరునవుతానని నేను కలగన్నానా? పిలిచి, నువ్వేనన్నారు. కాదంటే ఇంకొకడు. ఆ ఇంకొకడు నాకంటే మంచివాడని మీరనుకుంటే పొరపాటు."

"ఎవరు పిలిచారు?"

"మాస్కోలో. పేర్లు మీకెందుకు లెండి. వాళ్ళు ఈ ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేరు."

రిమ్మా ఆయన వైపు చూసింది. దగ్గర్నుంచి చూస్తే కళ్ళ కింద నల్లటి చారలు. ఇతనూ సరిగ్గా నిద్రపోయి చాలా కాలమైనట్టుంది అనుకుంది. జాలి పడాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

కారు వంతెన ఎక్కింది. కింద ఏరు తెల్లగా గడ్డకట్టి ఉంది. అవతలి ఒడ్డున గడ్డిబొమ్మ చుట్టూ జనం, ఎర్ర శాలువాలు, పిల్లలు రేకుల మీద కూర్చుని గట్టు నుంచి జారుతున్నారు. అకార్డియన్ మోత సన్నగా వినిపిస్తోంది. స్తెపానిచ్ ఉన్నట్టుండి వేగం తగ్గించాడు.

"రిమ్మా సవేల్యెవ్నా... అటు చూడండి."

జారెచ్యే ఇళ్ళ వెనక బాయిలరు స్టేషను. దానికి మూడు పొగగొట్టాలు. రెండింటి నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తోంది. మూడోదాని పైన ఆకాశం శుభ్రంగా ఉంది.

"సాయంత్రమన్నారుగా!" అంది రిమ్మా.

బెస్సోనోవ్ ముందుకు వంగాడు. మొహంలో ఆవిరిగది ఎరుపంతా దిగిపోయింది.

"నేను ఆపమనలేదు. ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీ కళ్ళముందే ఉన్నానుగా!"

జేబులోంచి సెల్‌ఫోను తీశాడు. దాచా దగ్గర పలకని ఫోనుకి ఇక్కడ సిగ్నలు దొరికింది. బాయిలరు స్టేషను అధికారికి చేశాడు. ఆ నిశ్శబ్దంలో అవతలి గొంతు రిమ్మాకీ వినపడింది. భయపడుతూ, గబగబా మాట్లాడుతోంది.

"క్షమించండి, గ్లెబ్ అంద్రెయెవిచ్. టీవీలో ఆ మాట వచ్చిన కాసేపటికే, మీతో ఇంక మాట్లాడొద్దని ఆర్డరొచ్చింది."

ఫోను కట్టయింది. బెస్సోనోవ్ దాన్ని చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయాడు.

"ఎవరి ఆర్డరు?" అంది రిమ్మా.

"నాకు తెలీదు."

ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"గొట్టాలు ఎంతసేపు తట్టుకుంటాయి?"

"ఈ చలికా? చీకటి పడేదాకా. ఆ తర్వాత పగిలిపోతాయి. పగిలాయంటే మళ్ళీ వేసవి దాకా..." ఆయన పూర్తి చెయ్యలేదు.

ఏటి మీద ఎవరో రిమ్మా కారుని గుర్తుపట్టారు. టోపీలు ఊపారు. పిల్లలు కేకలు వేస్తూ వంతెన కిందికి పరిగెత్తుకొస్తున్నారు. స్తెపానిచ్ అద్దంలోంచి రిమ్మాని చూశాడు.

"వీళ్ళ దగ్గరికా, బాయిలరు దగ్గరికా?"

రిమ్మా తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"నన్నిక్కడ దించు. ఈయన్ని బాయిలరు దగ్గరికి తీసుకెళ్ళు. గేటు తియ్యకపోతే..." ఆమె బెస్సోనోవ్ కళ్ళలోకి చూసింది. "గేటు తియ్యకపోతే ఏం చెయ్యాలో మీకే తెలియాలి. ఇప్పుడు మీరు ఎవరి మనిషో నాకు తెలీదు. మీకు తెలుసా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె మంచులోకి దిగింది. వెనక వస్తున్న నల్లజీపు అప్పటికే వంతెన మధ్యలో ఆగిపోయింది. అది మెల్లగా వెనక్కి తిరుగుతోంది.